సంపూర్ణ బ్యాకప్‌లు: డిస్క్ స్థల నిర్వహణ

కంప్యూటర్‌లోని ఆపరేటింగ్ సిస్టం, ప్రోగ్రాములు, సెట్టింగులు, సొంత ఫైళ్లు అన్నిటినీ కలిపి వేరొక డిస్క్ మీదకు తీసే నకలును సంపూర్ణ బ్యాకప్ అంటారు. వాడుకలో ఇది ఫుల్ బ్యాకప్. డిస్క్‌ను బ్లాకుల వారీగా చదివి ఒకే పెద్ద ఫైలుగా దాచితే అది డిస్క్ ఇమేజ్. వేర్వేరు తేదీల నాటి ఇలాంటి నకళ్లను కొన్నిటిని నిలిపి ఉంచుకునేటప్పుడు డిస్క్ నిండిపోకుండా, కావలసిన పాత తేదీ చేజారకుండా చూసుకోవడమే బ్యాకప్ స్థల నిర్వహణ. ఎన్ని నకళ్లు ఉంచాలి, దేన్ని ఎప్పుడు చెరపాలి, వాటి ఉమ్మడి భాగాన్ని ఎంతవరకు పంచుకోనివ్వాలి, ఎంత ఖాళీ వదలాలి అనే నిర్ణయాలు ఇందులోకి వస్తాయి.

ఒక్క నకలు ఎందుకు చాలదు

డేటాకు జరిగే నష్టం చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుంది. లెక్కల ఫైలు పాడైన సంగతి నెలాఖరున తెలియవచ్చు. పొరపాటున చెరిపేసిన ఫొటోల ఫోల్డర్ పండక్కి గుర్తుకు రావచ్చు. అప్పటికి తాజా బ్యాకప్‌లో కూడా ఆ పాడైన ఫైలే ఉంటుంది, చెరిగిన ఫోల్డర్ అందులోనూ ఉండదు. అందుకే పాత తేదీల నకళ్లు కావాలి. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటి సేవల్లో ఫైళ్లు సమకాలీకరించుకోవడం ఈ అవసరాన్ని పూర్తిగా తీర్చదు. కంప్యూటర్‌లో జరిగిన మార్పు, చెరిపివేతతో సహా, అక్కడికీ చేరుతుంది. పాత రూపాలను ఆ సేవలు కొంతకాలమే ఉంచుతాయి. రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే రైడ్ ఏర్పాటుకూ ఇదే పరిమితి. అది డిస్క్ చెడిపోతే కాపాడుతుంది, మనిషి పొరపాటు నుంచి కాపాడదు.

చరిత్ర

1951 నాటి యూనివాక్ కంప్యూటర్ డేటాను అయస్కాంత టేపు మీద దాచింది. 1956లో వచ్చిన ఐబీఎం 350 డిస్క్ యూనిట్ 50 లక్షల అక్షరాలను పట్టేది. టేపుల కాలంలో పాత మాస్టర్ టేపును, ఆ రోజు లావాదేవీలను కలిపి కొత్త మాస్టర్ టేపు తయారు చేసేవారు. కొత్తది పాడైతే పాతదాని నుంచి మళ్లీ చేసుకోవచ్చు కనుక మూడు తరాల టేపులను ఉంచేవారు. తాత, తండ్రి, కొడుకు అన్న పేరుతో నేటికీ నడుస్తున్న పద్ధతి అక్కడ పుట్టింది (చూ. నిల్వ గడువు).

వ్యక్తిగత కంప్యూటర్ల కాలంలో 1.44 ఎంబీ ఫ్లాపీ, 700 ఎంబీ సీడీ, 4.7 జీబీ డీవీడీ వరుసగా బ్యాకప్ మాధ్యమాలయ్యాయి. వీటిలో స్థల నిర్వహణ అంటే నిండినదాన్ని తీసి ఖాళీది పెట్టడమే. 1990ల మధ్యలో న్యూజిలాండ్‌లో తయారై 1998లో సిమాంటెక్ చేతికి వెళ్లిన ఘోస్ట్ అనే ప్రోగ్రాము డిస్క్ ఇమేజ్‌ను సామాన్యుల చేతికి తెచ్చింది. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరస్ విడుదల చేసిన ఆర్‌సింక్ మారిన భాగాలను మాత్రమే పంపే పద్ధతిని వ్యాప్తి చేసింది. 2002లో బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ప్రకటించిన వెంటీ అనే నిల్వ వ్యవస్థ ప్రతి బ్లాకునూ దానిలోని సారం నుంచి లెక్కించిన సంఖ్యతో గుర్తించింది. ఒకే బ్లాకు ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారే దాచడం దాంతో సాధ్యమైంది. 2007లో ఆపిల్ టైమ్ మెషిన్‌తో పాత నకళ్లను తనంతట తానే పలచబరిచే బ్యాకప్ ఇళ్లలోకి వచ్చింది. పెద్ద సంస్థల్లో టేపు మాత్రం పోలేదు. 2000లో 100 జీబీతో మొదలైన ఎల్‌టీఓ టేపు 2021 నాటి తొమ్మిదో తరంలో 18 టీబీ పడుతోంది.

స్థలం ఎలా నిండుతుంది

ముందుగా డిస్క్ అసలు పరిమాణం తెలియాలి. తయారీదారులు 1 టీబీని లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. విండోస్ 1024 గుణకాలతో లెక్కించి దాన్నే 931 జీబీగా చూపిస్తుంది. 2 టీబీ డిస్క్ 1,862 జీబీగా కనబడుతుంది. ఇందులో ఎవరూ మోసపోలేదు, కొలమానాలే రెండు. ప్రణాళిక వేసేవారు మాత్రం చిన్న అంకెనే తీసుకోవాలి.

ఒక కంప్యూటర్‌లో 300 జీబీ వాడకంలో ఉందనుకుందాం. కుదించాక సంపూర్ణ నకలు 200 జీబీ అవుతుందనుకుందాం. 1,862ను 200తో భాగిస్తే తొమ్మిది నకళ్లు పడతాయి. అయినా "తొమ్మిది ఉంచు" అని ప్రోగ్రాముకు చెప్పకూడదు. పదో నకలు పూర్తయి సరిచూసుకున్న తరువాతే మొదటిదాన్ని చెరపాలి. అంటే ఉంచదలచిన సంఖ్య కంటే ఒకటి ఎక్కువకు ఎప్పుడూ చోటుండాలి. దీనిమీద 15 శాతం ఖాళీ వదిలితే వాడుకోదగిన స్థలం సుమారు 1,583 జీబీ. అందులో ఏకకాలంలో ఏడు నకళ్లు పడతాయి, నికరంగా ఉంచగలిగేది ఆరు. 2 టీబీ డిస్క్ కొని తొమ్మిది వారాల బ్యాకప్ ఉందనుకునే వ్యక్తికి నిజంగా భద్రంగా ఉండేది ఆరు వారాలది.

"ముందు పాతది చెరిపి, తరువాత కొత్తది రాయి" అనే అమరిక స్థలాన్ని ఆదా చేస్తుంది. కానీ ఒకే నకలు ఉంచుకునేవారు ఈ అమరిక పెట్టుకుంటే, రాస్తుండగా కరెంటు పోయిన క్షణంలో వారి దగ్గర ఒక్క పూర్తి నకలు కూడా ఉండదు. ఈ రంగంలో జరిగే నష్టాల్లో చెప్పుకోదగినది ఇది. డిస్క్ నిండిపోయిందని కంగారులో అన్నీ చెరిపి కొత్తగా మొదలుపెట్టడం కూడా ఈ కోవలోనిదే.

చెరిపినా స్థలం రాకపోవడం మరో తరచు అనుభవం. విండోస్‌లో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ మీది ఫైలును మామూలుగా డిలీట్ చేస్తే అది ఆ డిస్క్‌లోనే ఉన్న రీసైకిల్ బిన్‌లోకి వెళుతుంది. బిన్ ఖాళీ చేసేదాకా ఒక్క బైటు కూడా తిరిగి రాదు. సిస్టం దాచుకునే షాడో కాపీలు కంటికి కనిపించని ఫోల్డర్‌లో ఉంటాయి. వాటిని ఎక్స్‌ప్లోరర్ నుంచి కాక సిస్టం ప్రొటెక్షన్ అమరికల నుంచి తగ్గించాలి.

రకాలు

సంపూర్ణ బ్యాకప్ ఒక్కొక్కటీ తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. ఏదైనా ఒకదాన్ని చెరిపినా మిగతావాటికి నష్టం లేదు. తిరిగి తెచ్చుకోవడమూ సులువే. దీనికి చెల్లించే ధర స్థలం, సమయం.

డిఫరెన్షియల్ బ్యాకప్ చివరి సంపూర్ణ నకలు తరువాత మారినదంతా ప్రతిసారీ దాస్తుంది. ఇంక్రిమెంటల్ బ్యాకప్ దానికి ముందటి బ్యాకప్ తరువాత మారినదాన్ని మాత్రమే దాస్తుంది. పై కంప్యూటర్‌లో రోజుకు 5 జీబీ కొత్త డేటా చేరుతుందనుకుంటే వారానికి ఒక సంపూర్ణం, ఆరు డిఫరెన్షియల్‌లకు 305 జీబీ కావాలి. ఆరు ఇంక్రిమెంటల్‌లకైతే 230 జీబీ చాలు. నెల రోజులు రోజూ సంపూర్ణమే తీస్తే 6,000 జీబీ అవుతుంది. ఒక సంపూర్ణం, 29 ఇంక్రిమెంటల్‌లు 345 జీబీలో ఇమిడిపోతాయి.

ఇంత తేడా ఉన్నా ఇంక్రిమెంటల్ గొలుసుకు ఒక బలహీనత ఉంది. నెలాఖరు స్థితి కావాలంటే మొదటి సంపూర్ణం నుంచి చివరిదాకా ప్రతి ముక్కా చదవగలగాలి. మధ్యలో ఒకటి పాడైతే ఆ తరువాతవన్నీ నిరుపయోగం. అందుకే "పాతవి, పెద్దవి" అని చూసి మొదటి ఫైలును చేత్తో చెరపడం ప్రమాదకరం. అది పునాది ఫైలు. బ్యాకప్ ఫైళ్లను చెరపవలసి వస్తే వాటిని తీసిన ప్రోగ్రాములోంచే చెరపాలి.

ఈ ఇబ్బందికి రెండు మధ్యేమార్గాలు వచ్చాయి. పాత సంపూర్ణాన్ని, దాని తరువాతి ముక్కలను బ్యాకప్ డిస్క్ మీదే కలిపి కొత్త సంపూర్ణంగా కూర్చడాన్ని సింథటిక్ ఫుల్ అంటారు. కంప్యూటర్ నుంచి మొత్తం మళ్లీ చదవనక్కరలేదు కానీ కూర్చే సమయంలో మరో సంపూర్ణానికి సరిపడా ఖాళీ కావాలి. రెండోది వెనుదిరిగిన ఇంక్రిమెంటల్. ఇందులో తాజా స్థితి ఎప్పుడూ సంపూర్ణంగా ఉంటుంది, వెనక్కి వెళ్లడానికి కావలసిన తేడాలు విడిగా ఉంటాయి. పాత తేదీలను చివరి నుంచి నిర్భయంగా కోసేయవచ్చు. ఆర్‌డిఫ్-బ్యాకప్ ఈ పద్ధతిలో పనిచేస్తుంది.

స్థలం ఆదా చేసే పద్ధతులు

*కుదింపు.* అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ 1977లో ప్రకటించిన పద్ధతి నుంచి నేటి కుదింపు విధానాలు చాలా వరకు పుట్టాయి. 2016లో విడుదలైన జెడ్‌స్టాండర్డ్ వేగానికి, కుదింపుకు మంచి సమతూకం ఇస్తుంది. పాఠ్యం, లెక్కల డేటాబేసులు బాగా తగ్గుతాయి. జేపెగ్ ఫొటోలు, ఎంపీ4 వీడియోలు ముందే కుదించినవి కనుక మళ్లీ కుదించినా తగ్గేది దాదాపు ఏమీ ఉండదు. పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియోకు ఈ దారిలో స్థలం దొరకదు. అక్కడ పాత పనులను విడి డిస్కులకు తరలించి రోజువారీ బ్యాకప్ నుంచి తప్పించడమే మార్గం.

*మినహాయింపులు.* విండోస్ పేజ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు, బ్రౌజర్ క్యాష్, తాత్కాలిక ఫైళ్లు, రీసైకిల్ బిన్, పెద్ద అప్‌డేట్ తరువాత మిగిలే పాత విండోస్ ఫోల్డర్ తిరిగి తెచ్చుకోవలసినవి కావు. మంచి ఇమేజ్ ప్రోగ్రాములు వీటిలో కొన్నిటిని తామే వదిలేస్తాయి. వర్చువల్ యంత్రాల డిస్క్ ఫైళ్లు, అవుట్‌లుక్ మెయిల్ ఫైళ్లు ఒక్క అక్షరం మారినా మొత్తం మారినట్టే లెక్క. ఫైళ్ల వారీ ఇంక్రిమెంటల్‌లో ఇవి రోజూ పూర్తిగా నకలవుతూ స్థలాన్ని తినేస్తాయి. బ్లాకుల వారీ ప్రోగ్రాముల్లో ఈ సమస్య ఉండదు.

*హార్డ్ లింకులు.* యూనిక్స్ సంప్రదాయపు ఫైల్ వ్యవస్థల్లో ఒకే ఫైలుకు అనేక పేర్లు, అనేక చోట్లు ఉండవచ్చు. ఆర్‌సింక్‌లోని లింక్-డెస్ట్ సదుపాయంతో ప్రతి తేదీకీ ఒక పూర్తి ఫోల్డర్ కనబడుతుంది. మారని ఫైళ్లు మాత్రం డిస్క్ మీద ఒకటే. ఆర్‌స్నాప్‌షాట్ ఈ సూత్రం మీదే నడుస్తుంది. ఏ తేదీని చెరిపినా మిగతావి చెక్కుచెదరవు, ఎందుకంటే చివరి పేరు పోయేదాకా ఫైలు పోదు. ఫోల్డర్ల పరిమాణాలను విడివిడిగా చూసి కూడితే డిస్క్ కంటే పెద్ద మొత్తం రావచ్చు, అది లెక్కింపు తీరు వల్లే. పెన్‌డ్రైవ్‌ల మీద ఎక్కువగా ఉండే ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్32 పద్ధతుల్లో హార్డ్ లింకులు లేవు. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదన్న పరిమితి కూడా ఉంది.

*పునరావృత బ్లాకుల తొలగింపు.* దీన్నే డీడూప్లికేషన్ అంటారు. డేటాను ముక్కలు చేసి ఒక్కోదానికి ఎస్‌హెచ్‌ఏ-256 వంటి పద్ధతితో గుర్తు లెక్కించి, ఇంతకు ముందు చూసిన గుర్తయితే ముక్కను మళ్లీ రాయకుండా సూచిక మాత్రమే రాస్తారు. ముక్కలు సమాన పొడవుతో ఉంటే, ఫైలు మొదట్లో ఒక అక్షరం చేరినా ఆ తరువాతి హద్దులన్నీ జరిగిపోయి పోలిక దొరకదు. అందుకే బోర్గ్, రెస్టిక్ వంటి ప్రోగ్రాములు డేటా లోపలి స్వరూపాన్ని బట్టి హద్దులు నిర్ణయిస్తాయి. ఇందులో రోజూ తీసేది సంపూర్ణమే, డిస్క్ మీద చేరేది మాత్రం కొత్త ముక్కలే. దీని ఖర్చు మెమరీ రూపంలో ఉంటుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థలో ఒక్కో బ్లాకుకు సుమారు 320 బైట్ల సూచిక అవసరమవుతుందని లెక్క వేస్తారు. 128 కేబీ బ్లాకులైతే 1 టీబీ డేటాకు దాదాపు 2.5 జీబీ ర్యామ్. డేటాను ముందే వేరే ప్రోగ్రాముతో కుదించినా, ఎన్‌క్రిప్షన్‌తో తాళం వేసినా ఒకే సమాచారమున్న ముక్కలు కూడా వేరుగా కనబడి తొలగింపు విఫలమవుతుంది.

తేదీలు, ప్రతులు

స్థలం ఆదా చేసే పద్ధతులు ఎంత సమర్థమైతే అంత గట్టిగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. హార్డ్ లింకులతో, డీడూప్లికేషన్‌తో ఉంచిన ముప్పై తేదీల బ్యాకప్ ముప్పై ప్రతులు కావు. అది ముప్పై తేదీలున్న ఒక ప్రతి. ఏడాదిగా మారని ఒక ఫైలు డిస్క్ మీద ఒక్కచోటే ఉంటుంది. ఆ చోటు చెడిపోతే ముప్పై తేదీల్లోనూ ఆ ఫైలు పోతుంది. విడివిడి సంపూర్ణ నకళ్లలో ఒకటి చెడితే పక్కదాంట్లో దొరుకుతుంది. కానీ డిస్కే పనిచేయకపోతే ఈ తేడా కూడా ఉండదు.

కనుక పంచుకోవడం వల్ల మిగిలిన స్థలాన్ని ఇంకా పాత తేదీలతో నింపడం కంటే, అదే ఖర్చును రెండో డిస్క్‌కు మళ్లించడం మేలు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఈ మాటే చెబుతుంది. డేటాకు మూడు ప్రతులుండాలి, అవి రెండు రకాల మాధ్యమాల్లో ఉండాలి, ఒకటి వేరే ఊళ్లోనో కనీసం వేరే భవనంలోనో ఉండాలి. బోర్గ్, రెస్టిక్ రెండింటిలోనూ దాచిన ముక్కలను సరిచూసే ఆదేశం ఉంది. పంచుకునే పద్ధతులు వాడేవారు దాన్ని క్రమం తప్పకుండా నడపాలి.

నిల్వ గడువు

తాత-తండ్రి-కొడుకు పద్ధతిలో సాధారణంగా ఏడు రోజువారీ, నాలుగు వారపు, పన్నెండు నెలవారీ నకళ్లను ఉంచుతారు. మొత్తం 23 తేదీలతో ఏడాది వెనక్కి వెళ్లవచ్చు. అన్నీ విడి సంపూర్ణాలే అయితే పై ఉదాహరణలో 4,600 జీబీ కావాలి, పంచుకునే పద్ధతిలో దానిలో కొద్ది భాగమే సరిపోతుంది. హనోయ్ గోపురాల చిక్కుముడి మీద ఆధారపడిన మరో పద్ధతిలో మొదటి డిస్క్‌ను రెండు రోజులకోసారి, రెండోదాన్ని నాలుగు రోజులకు, మూడోదాన్ని ఎనిమిది రోజులకు, చివరి రెండింటిని పదహారేసి రోజులకు వాడతారు. అయిదు డిస్కులతో పదహారు రోజుల వెనక్కి వెళ్లవచ్చు. డిస్కులు తక్కువగా ఉన్నవారికి ఇది పొదుపైనదే కానీ ఏ రోజు ఏ డిస్క్ అన్నది తప్పిపోతే చక్రం చెడుతుంది.

భారతీయ చట్టాలు కూడా గడువును నిర్ణయిస్తాయి. కంపెనీల చట్టం, 2013లోని 128వ సెక్షన్ ప్రకారం కంపెనీలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాల లెక్కల పుస్తకాలు భద్రపరచాలి. ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్‌ను భారతదేశంలోని సర్వర్లలో రోజూ ఉంచాలని 2022 ఆగస్టులో నిబంధన సవరించారు. జీఎస్టీ చట్టం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులు ఉంచమంటుంది. ఈ నిబంధనలు లెక్కలకే కానీ కంప్యూటర్ మొత్తానికి కావు. ఎనిమిదేళ్లపాటు రోజూ తీసిన 200 జీబీ ఇమేజ్‌లన్నీ ఉంచితే 580 టీబీ దాటుతుంది. అదే కాలానికి లెక్కల ప్రోగ్రాము ట్యాలీ డేటా ఫోల్డర్‌ను మాత్రమే రోజూ నకలు తీసి, ప్రతి మార్చి 31 నాటి స్థితిని శాశ్వతంగా విడిగా ఉంచుకుంటే చిన్న వ్యాపారికి ఒక మామూలు డిస్క్ సరిపోతుంది. సంపూర్ణ బ్యాకప్‌కూ చట్టపరమైన భద్రతకూ ఒకే గడువు పెట్టడం స్థల వృథాకు పెద్ద కారణం.

ఆపరేటింగ్ సిస్టంలలో

విండోస్ 7తో వచ్చి నేటికీ ఆ పేరుతోనే కంట్రోల్ ప్యానెల్‌లో ఉన్న బ్యాకప్ సాధనం, స్థల నిర్వహణను తనకే వదిలిపెడితే సిస్టం ఇమేజ్‌ల కోసం బ్యాకప్ డిస్క్‌లో 30 శాతం వరకు వాడి ఆపైన పాతవాటిని చెరుపుతుంది. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో అయితే తాజా ఇమేజ్ ఒక్కటే మిగులుతుంది. ఈ సంగతి తెలియక పాత తేదీ ఉందనుకునేవారికి అవసరం పడ్డ రోజున అది దొరకదు. విండోస్ 8తో వచ్చిన ఫైల్ హిస్టరీ గంటకోసారి ఫైళ్లను దాస్తుంది. దీని మొదటి అమరిక పాత రూపాలను ఎప్పటికీ ఉంచడమే. దాన్ని "స్థలం కావలసి వచ్చేదాకా" అని మార్చుకోవచ్చు. టైమ్ మెషిన్ గడచిన 24 గంటలకు గంటకొకటి, గడచిన నెలకు రోజుకొకటి, అంతకు ముందుకు వారానికొకటి ఉంచి, డిస్క్ నిండగానే అతి పాతదాన్ని తీసేస్తుంది.

తెలుగు డీటీపీ కంప్యూటర్ల ప్రత్యేకత

ఫైళ్లుంటే చాలు, సిస్టం మళ్లీ వేసుకోవచ్చన్న మాట తెలుగు డీటీపీ కేంద్రాలకు పూర్తిగా వర్తించదు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు దశాబ్దాలపాటు పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని 'అను' ఫాంట్లతో తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన కూర్పు 7.0 వచ్చింది 2001లో. ఆ ఫాంట్లు, వాటి కీబోర్డు ప్రోగ్రాము, ఆ పేజ్‌మేకర్ ఉన్న కంప్యూటర్‌లో తప్ప పాత ఫైలు సరిగ్గా తెరుచుకోదు. అక్షరాలు అర్థంలేని గుర్తులుగా కనబడతాయి. అందువల్ల ఇలాంటి కంప్యూటర్‌కు డిస్క్ ఇమేజ్ తప్పనిసరి. అయితే దాన్ని రోజూ తీయనక్కరలేదు. ప్రోగ్రాములన్నీ సరిగ్గా ఉన్న రోజున ఒక ఇమేజ్ తీసి రెండు చోట్ల దాచి, పనుల ఫోల్డర్‌కు మాత్రం రోజువారీ ఇంక్రిమెంటల్ నడిపితే స్థలమూ కలిసివస్తుంది, పాత పనీ దక్కుతుంది.

డిజిటల్ భాండాగారాల అనుభవం

పునరావృతాల సమస్య పుస్తకాల భాండాగారాలకూ ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల ప్రాజెక్టుకు నాయకత్వం వహించారు. దాని భారతీయ భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ప్రధాన స్కానింగ్ కేంద్రాల్లో ఒకటి. వేలాది తెలుగు పుస్తకాలు ఇందులో స్కాన్ అయ్యాయి. ఒకే పుస్తకం వేర్వేరు గ్రంథాలయాల నుంచి ఒకటికి మించి సార్లు స్కాన్ కావడం, రోమన్ లిపిలో రాసిన పేర్లు ఒక్కోచోట ఒక్కోలా ఉండటం వల్ల పునరావృతాలు పోగయ్యాయి. బ్లాకుల గుర్తులతో వీటిని పట్టలేం. రెండు స్కాన్‌లలో ఒక్క చుక్క తేడా ఉన్నా యంత్రానికి అవి రెండు వేర్వేరు ఫైళ్లే. చదివే మనిషి మాత్రమే గుర్తించగల పునరావృతమిది.

తరువాతి కాలంలో ఆ వెబ్‌సైట్ అందుబాటులో లేకుండా పోయింది. అంతకు ముందే తీసుకున్న నాలుగు లక్షలకు పైగా పుస్తకాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరడం వల్ల పాఠకులకు అవి దక్కాయి. చోటు వృథా అనిపించిన రెండో స్కాన్, మొదటి స్కాన్‌లో పేజీలు జారిపోయిన సందర్భాల్లో పుస్తకాన్ని పూర్తి చేయడానికి పనికొస్తుంది కూడా. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా విషయంలో పరిస్థితి దీనికి విరుద్ధం. దాని మార్పుల చరిత్ర మొత్తాన్ని వికీమీడియా సంస్థ డంప్‌ల రూపంలో విడుదల చేస్తుంది. ఒక వ్యాసపు వరుస కూర్పుల్లో అధిక భాగం ఒకటే పాఠ్యం కనుక ఆ డంప్ అసాధారణంగా కుదించుకుపోతుంది.

నెల్లూరు తీరం, కావలి

పై సూత్రాలు ఒక ఊరి పరిస్థితులకు ఎలా వర్తిస్తాయో చూడటానికి కావలి ఒక ఉదాహరణ. ఇది 16వ నంబరు జాతీయ రహదారి మీద, విజయవాడ-గూడూరు రైలు మార్గంలో ఉన్న పట్టణం. తూర్పున తుమ్మలపెంట తీరం, చుట్టూ రొయ్యల చెరువులు, ఊళ్లో 1951లో మొదలైన జవహర్ భారతి కళాశాల నుంచి నేటి ఇంజనీరింగ్ కళాశాలల వరకు విద్యాసంస్థలు ఉన్నాయి. ఆడిటర్లు, ఆసుపత్రులు, ఫొటో స్టూడియోలు, ఆక్వా వ్యాపారులు అందరి లెక్కలూ ఇప్పుడు డిస్కుల్లోనే ఉన్నాయి.

1989 నవంబరులో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి బంగాళాఖాతం దాటిన గే తుఫాను కావలి దగ్గర తీరాన్ని తాకింది. దాన్ని కావలి తుఫాను అని కూడా పిలుస్తారు. అప్పటికి పట్టణాల్లో కంప్యూటర్లు అరుదు. ఆ తుఫాను బ్యాకప్ ప్రణాళికకు ఇచ్చే పాఠం దూరం గురించినది. దక్షిణాన సుమారు 55 కిలోమీటర్ల దూరంలోని నెల్లూరు, ఉత్తరాన ఒంగోలు ఒకే వాతావరణ వ్యవస్థ పరిధిలోకి రాగలవు. వేరే ఊళ్లో ఉంచే ప్రతికి తీరానికి దూరంగా ఉన్న చోటు మేలు. హైదరాబాద్‌లో చదువుకునే పిల్లల దగ్గరో, బంధువుల ఇంట్లోనో ఒక డిస్క్ ఉంచడం ఈ ప్రాంతంవారికి అందుబాటులో ఉన్న ఏర్పాటు. ఉప్పుగాలి, తేమ డిస్కుల అనుసంధాన భాగాలను తినేస్తాయి కనుక సిలికా జెల్ పొట్లంతో మూసిన డబ్బా అవసరం. బ్యాకప్ నడిచే సమయంలో యూపీఎస్ ఉండాలి.

క్లౌడ్ మరో దారి. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాన్ని తెరిచింది. ఇక్కడ స్థలం కంటే పంపే వేగమే అడ్డు. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ తొలి ప్యాకేజీ వేగం 15 ఎంబీపీఎస్. ఆ వేగంతో 1 టీబీ పంపడానికి ఎడతెగకుండా ఆరు రోజులకు పైగా పడుతుంది. 100 ఎంబీపీఎస్ అయితే 22 గంటలు. కనుక సంపూర్ణ ఇమేజ్‌లను డిస్కుల మీద, చిన్నవైన లెక్కల ఫోల్డర్లను క్లౌడ్‌లో ఉంచడం ఇక్కడి పరిస్థితికి సరిపోతుంది.

తుఫాను కంటే తరచుగా వచ్చే ముప్పు, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్. 2017 మేలో వన్నాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని చిక్కుకున్నాయి. 2019 ఏప్రిల్ చివర రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఇలాంటి దాడికి గురై ఆన్‌లైన్ సేవలకు అంతరాయం కలిగింది. కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచిన బ్యాకప్ డిస్క్‌ను కూడా ఈ ప్రోగ్రాములు తాళం వేయగలవు. తాళం పడిన ఫైళ్లన్నీ మారినవిగానే కనబడతాయి కనుక ఆ రోజు ఇంక్రిమెంటల్ ఒక్కసారిగా సంపూర్ణమంత పెద్దదవుతుంది. డిస్క్ అకారణంగా నిండిపోతే స్థలం ఖాళీ చేసే ముందు ఈ అనుమానం తీర్చుకోవాలి. పాత తేదీలను చెరిపిన తరువాత అసలు సంగతి తెలిస్తే చేయగలిగేది ఉండదు.

పైన లెక్కించిన కంప్యూటర్‌కే ఒక 2 టీబీ డిస్క్‌కు బదులు రెండు 1 టీబీ డిస్కులు తీసుకుంటే, 15 శాతం ఖాళీ వదిలాక ఒక్కోదానిలో 791 జీబీ మిగులుతుంది. నెలకొక సంపూర్ణం, రోజుకొక ఇంక్రిమెంటల్ చొప్పున ఒక నెల గొలుసు 345 జీబీ. రెండు నెలల గొలుసులు 690 జీబీలో ఒకే డిస్క్ మీద ఉంటాయి. ఆ డిస్క్ మీద మూడో గొలుసు మొదలుపెట్టేటప్పుడు రెండింటిలో పాత గొలుసును తీసి కొత్త సంపూర్ణం రాసేటప్పుడు వెనుక ఒక పూర్తి నెల ఎప్పుడూ భద్రంగా ఉంటుంది. రెండో డిస్క్ మీద దాని సొంత గొలుసు వేరే ఊళ్లో ఉంటుంది. నెలకోసారి రెండింటినీ మార్చుకుంటారు. వెనక్కి వెళ్లగలిగే తేదీల సంఖ్య కొంత తగ్గినా, ఇల్లు మునిగినా, డిస్క్ చెడినా, ఫైళ్లకు తాళం పడినా ఒక ప్రతి మిగులుతుంది. ఒకే పెద్ద డిస్క్ మీద ఎన్ని తేదీలు పేర్చినా ఈ రక్షణ రాదు కాబట్టి, తీరప్రాంతంలో రెండు చిన్న డిస్కులదే పైచేయి.